పూలకు వచ్చే చుట్టాలు: మన పెరటి కందిరీగల సంగతి

ఏటా ఆగస్టు నెల వచ్చేసరికి మా ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది: "డెక్ కింద కందిరీగలు తుట్టె పెట్టాయండీ, ఏ స్ప్రే కొడితే పోతాయి?" రెండోది: "సొరపాదు నిండా పూలేనండీ, ఒక్క పిందె నిలవడం లేదు. ఎరువు చాలలేదంటారా?" రెండూ ఒకే ఇంటివాళ్ళు, ఒక్కోసారి ఒకే ఫోన్లో అడుగుతారు. ఈ రెంటికీ సంబంధం ఉండొచ్చునన్న ఊహ మాత్రం ఎవరికీ రాదు. ఆ సంబంధం గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఊరంటే లండన్. మహారాణిగారు ఏలిన లండన్ కాదు, ఒంటారియోలోని లండన్. దీనికీ ఒక థేమ్స్ నది ఉంది. చెట్లు ఎక్కువ కనుక దీన్ని 'ఫారెస్ట్ సిటీ' అంటారు. నేను కీటకశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పొద్దస్తమానం తెర ముందు కూర్చునేవాడికి సాయంత్రం పెరట్లో కాసేపు నిలబడడం కళ్ళకు మంచిదని మొదలుపెట్టాను. నిలబడ్డాక చూడకుండా ఉండలేం కదా. చూసినవాటికి పేర్లు వెతుక్కుంటూ, పుస్తకాలు చదువుకుంటూ తెలుసుకున్న సంగతులివి.

ఎవరు ఎవరు?

మన భాషలో కందిరీగకు మర్యాద తక్కువ. తేనెటీగను కష్టజీవి అంటాం. తుమ్మెదను కవులు నెత్తిన పెట్టుకున్నారు. కందిరీగ మాత్రం కుట్టడానికే పుట్టిందని మన నమ్మకం. నిజానికి వంశవృక్షం తిరగేస్తే కందిరీగే పెద్దమ్మ. పది కోట్ల ఏళ్ళకు పూర్వం వేటాడి బతికే కొన్ని కందిరీగలు, పిల్లలకు పురుగులకు బదులు పుప్పొడి పెట్టడం మొదలుపెట్టాయి. ఆ శాఖే ఈనాటి తేనెటీగలు, తుమ్మెదలు, బంబుల్ బీలు. అంటే తేనెటీగ శాకాహారం పుచ్చుకున్న కందిరీగ అన్నమాట.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒంటినిండా నూగు ఉండి, కాళ్ళకో పొట్టకో పుప్పొడి అంటుకుని ఉంటే అది బీ జాతి. ఒళ్ళు నున్నగా మెరుస్తూ, నడుము దారంలా సన్నగా ఉంటే కందిరీగ. పసుపూ నలుపూ చారలున్నా కళ్ళు ముఖమంతా ఆక్రమించి, ఒక్క జత రెక్కలే ఉండి, గాలిలో ఒకేచోట హెలికాప్టరులా నిలబడితే అది హోవర్‌ఫ్లై అనే ఈగ. దానికి ముల్లు లేదు. కందిరీగ వేషం వేసుకుని పక్షులను బెదిరిస్తుంది, అంతే. పిల్లలకు ఈ మూడూ చూపిస్తే వారంలో మనకంటే బాగా గుర్తుపడతారు. భయం సగం అక్కడే పోతుంది.

ఇంకో సంగతి. కుట్టేవి ఆడవే. కుట్టే ముల్లు ఒకప్పుడు గుడ్లు పెట్టే గొట్టం. కాలక్రమాన అది సూదిగా మారింది. కనుక మగవాటికి ఆ అవకాశమే లేదు. తేనెటీగ ముల్లుకు గాలంలా వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి, మన చర్మంలో ఇరుక్కుపోతుంది, తేనెటీగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు అలా ఇరుక్కోదు, మళ్ళీ మళ్ళీ కుట్టగలదు.

ఈ విషయాలు రాయడానికి లండన్ తగిన ఊరే. కెనడాలో కీటకాలను పరిశీలించేవాళ్ళ సంఘం 1863లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో దాని కేంద్రస్థానం ఈ ఊరే. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు విలియమ్ సాండర్స్, ఇక్కడ మందుల షాపు నడుపుకున్న మనిషి. పన్నెండేళ్ళ వయసులో ఇంగ్లండు నుంచి వచ్చిన వలసదారు. పగలు మందులు నూరుతూ, మిగిలిన వేళల్లో పురుగులను చూస్తూ, 1883లో పళ్ళతోటల కీటకాల మీద పెద్ద పుస్తకం రాశాడు. అందులో చెట్టును పాడుచేసే పురుగులతోబాటు, ఆ పురుగులను తినే మిత్రకీటకాల ముచ్చటా ఉంది. 1886లో దేశపు ప్రయోగక్షేత్రాలకు మొదటి డైరెక్టరు అయ్యాడు. ఆయన కొడుకు చార్లెస్ తయారుచేసిన మార్క్విస్ గోధుమే పశ్చిమ కెనడా పంటపొలాల రాత మార్చింది. వృత్తి ఒకటీ వ్యాపకం ఒకటీ ఉన్నవాళ్ళకు ఆయన కథ ధైర్యం చెబుతుంది.

పసుపు చారల కందిరీగ సంవత్సరం

మన పిక్నిక్కులను పాడుచేసేవి ఎన్నో రకాలు కావు. ఎల్లోజాకెట్ అనే కందిరీగల్లో రెండు మూడు జాతులు మాత్రమే. వాటిలో ఒకటి యూరప్ నుంచి వలస వచ్చినది. వీటి ఏడాది ఎలా గడుస్తుందో తెలిస్తే, మనల్ని ఎందుకు విసిగిస్తాయో అర్థమవుతుంది.

చలికాలాన్ని దాటేది గర్భం దాల్చిన రాణి ఒక్కతే. చెట్టు బెరడు కిందో, కట్టెల మోపులోనో ముడుచుకుని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో లేచి ఒంటరిగా గూడు మొదలుపెడుతుంది. పాత కంచె చెక్కను పళ్ళతో గీకి, ఉమ్మితో నమిలి, పల్చటి కాగితంలా పరుస్తుంది. కాగితం చెక్కతో చెయ్యొచ్చునని 1719లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూర్ కందిరీగలను చూసి సూచించాడు. అప్పట్లో కాగితం గుడ్డపేలికలతో చేసేవారు. 1844లో మన కెనడాలోనే, నోవా స్కోషియాకు చెందిన చార్లెస్ ఫెనర్టీ చెక్కగుజ్జుతో చేసిన కాగితాన్ని పత్రికకు పంపి చూపించాడు. మీ చేతిలోని ఈ సంచికలో కందిరీగకూ కొంత వాటా ఉందన్నమాట.

జూన్‌కల్లా మొదటి కూలీలు పుడతాయి. అవన్నీ ఆడవే, రాణి కూతుళ్ళు. ఆపైన రాణి గుడ్లు పెట్టడానికే పరిమితమవుతుంది. కూలీలు గొంగళి పురుగులను, ఈగలను వేటాడి, ముద్ద చేసి గూట్లో ఉన్న పిల్ల పురుగులకు తినిపిస్తాయి. ఇక్కడొక చిత్రమైన ఒప్పందం ఉంది. పెద్ద కందిరీగ నడుము అంత సన్నం కనుక గట్టి మాంసం మింగలేదు; దానికి ద్రవాహారమే కావాలి. మాంసం తిన్న పిల్ల పురుగు బదులుగా నోటినుంచి ఒక తియ్యటి బొట్టు వదులుతుంది. అక్కకు అదే భోజనం. జూన్, జూలైలలో కందిరీగలు మన పక్కన తిరుగుతున్నా మన పళ్ళెం జోలికి రాకపోవడానికి ఇదొక ముఖ్యకారణం. వాటికి ఇంట్లోనే తీపి దొరుకుతోంది.

ఆగస్టు చివరికి గూట్లో వేలకొద్దీ కందిరీగలు ఉండవచ్చు. అప్పుడు రాణి కూలీల గుడ్లు తగ్గిస్తుంది. వచ్చే ఏటి రాణులూ, మగవీ తయారవుతాయి. పిల్ల పురుగులు తగ్గితే తియ్యటి బొట్లు తగ్గుతాయి. వేలకొద్దీ నిరుద్యోగులు తీపి వెతుక్కుంటూ రోడ్డున పడతారు. సరిగ్గా అప్పుడే మన అసోసియేషన్ పిక్నిక్కు, వినాయక చవితి, లేబర్ డే. మామిడిరసం, కోక్, బెల్లం పాకం తెచ్చి పార్కులో పెట్టేది మనం! అవి మనమీద పగబట్టి రావు, ఆకలికొద్దీ వస్తాయి. గట్టిగా మంచు కురిసిన నాలుగు రోజులకు గూడంతా చచ్చిపోతుంది. కొత్త రాణులు మాత్రం ఎక్కడో తలదాచుకుంటాయి. ఆ పాత గూటిని మళ్ళీ వాడవు.

ఈ సంగతి తెలిస్తే ఒక లెక్క తేలుతుంది. సెప్టెంబరు నెలాఖర్న, ఎవరూ వెళ్ళని చెట్టుకొమ్మ మీది తుట్టెకు డబ్బిచ్చి స్ప్రే కొట్టించడమంటే, కొద్ది వారాల్లో ప్రకృతి ఉచితంగా చేసే పనికి బిల్లు కట్టడం.

కందిరీగలన్నీ ఒకలాంటివే అనుకోవడమూ పొరపాటే. చూరు కింద గొడుగు తిరగేసినట్టు చిన్న గూడు పెట్టే పేపర్ వాస్ప్ నెమ్మదైనది. దీనిలో ఒక స్వదేశీ జాతి ఒకదాని ముఖం ఒకటి గుర్తుపడుతుంది! 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ టిబెట్స్ ఈ విషయం ప్రకటించారు. వాటి ముఖం మీది గుర్తులకు రంగు వేసి మార్చితే, తోటివి కొత్తవాళ్ళు వచ్చారనుకుని తగువుకు దిగాయట. మేము పెద్ద పెద్ద సర్వర్లు పెట్టి నడిపే ముఖపరిచయాన్ని, బియ్యపుగింజకంటే చిన్న మెదడుతో ఈ పురుగు చేస్తోంది.

ఒంటరి వేటగత్తెలు

కందిరీగల్లో ఎక్కువ జాతులు అసలు తుట్టెలే పెట్టవు. ఒక్కొక్క ఆడది తన గూడు తాను కట్టుకుని, తన పిల్లకు తానే తిండి చేరుస్తుంది. కాపాడుకోవడానికి సైన్యమూ కోటా లేవు కనుక మనుషుల జోలికి దాదాపు రావు.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు, గరాజ్ గోడ మీద మట్టిగూడు చూసి, "ఇది మన కుమ్మరి పురుగే కదురా! ఇదీ వీసా తెచ్చుకుందా?" అంది. వాళ్ళ ఊళ్ళో ఇది ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందనేవారట. ఇక్కడి జాతి వేరుగానీ పని ఒకటే. తడిమట్టి ఉండలు మోసుకొచ్చి గొట్టాలు కడుతుంది. ఒక్కో గదిలో సాలెపురుగులను కుట్టి, చంపకుండా, కదలకుండా చేసి పేరుస్తుంది. పైన ఒక గుడ్డు పెట్టి, తలుపు మూసి వెళ్ళిపోతుంది. ఫ్రిజ్ అక్కరలేకుండా మాంసం తాజాగా ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తిని, గూట్లోనే రూపం మార్చుకుని, రెక్కలతో బయటికి వస్తుంది. కుండలాంటి గూడు కట్టే మరో జాతి సాలెపురుగులకు బదులు గొంగళి పురుగులను దాస్తుంది.

ఇది చదువుతుంటే మీకు భ్రమరకీట న్యాయం గుర్తొచ్చి ఉండాలి. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో బంధిస్తుంది. ఆ పురుగు భయంతో భ్రమరాన్నే ధ్యానిస్తూ చివరికి తానే భ్రమరమై ఎగిరిపోతుంది అని మన పెద్దల మాట. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పే ఇరవై నలుగురు గురువుల్లో ఈ గూడుకట్టే పురుగూ ఒకటి. ధ్యానానికి ఉపమానంగా దాని విలువ దానిది, అందులో నేను వేలు పెట్టను. నాకు ఆశ్చర్యం వేసేది వాళ్ళ చూపు. లోపలికి పోయింది గొంగళి పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. వాళ్ళు కళ్ళారా చూసింది అక్షరాలా నిజం. గోడ లోపల జరిగింది మాత్రం కనబడలేదు. లోపలి కోడ్ చూడకుండా ఇన్‌పుట్, అవుట్‌పుట్ చూసి ప్రోగ్రామును ఊహించడం మా వృత్తిలో రోజూ చేసే పనే. వాళ్ళు చేసిందీ అదే.

కోడ్ అన్నాను కనుక ఇంకొక కథ. మా వీధిలో ఇసుకనేల ఉన్నచోట నారింజరంగు నడుముతో, దాదాపు అంగుళం పొడవుగా ఒక కందిరీగ నేల తవ్వుతూ కనిపిస్తుంది. దాని పేరు గ్రేట్ గోల్డెన్ డిగ్గర్, స్ఫెక్స్ జాతి. మిడతజాతి పురుగులను పట్టి కలుగులో దాస్తుంది. స్ఫెక్స్‌లు వేటను కలుగు వాకిట్లో పెట్టి, ఒకసారి లోపలికి వెళ్ళి చూసి, వచ్చి లాక్కెళతాయి. ఫ్రెంచి పరిశీలకుడు ఫాబ్ర్, అది లోపలికి వెళ్ళినప్పుడల్లా కీచురాయిని కాస్త పక్కకు జరిపాడు. అది వచ్చి, మళ్ళీ వాకిట్లోకి తెచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి చూసింది. నలభైసార్లు జరిపితే నలభైసార్లూ అంతే. ఆగని లూప్! కీటకమంటే మరబొమ్మ అనడానికి కంప్యూటరువాళ్ళూ తత్వవేత్తలూ ఈ కథను ఎన్నో పుస్తకాల్లో చెప్పారు. వాళ్ళు చాలామంది చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. అదే ఫాబ్ర్ మరో చోటి స్ఫెక్స్‌లతో ఇదే పరీక్ష చేస్తే, అవి రెండు మూడుసార్లు చూసి, తర్వాత వాకిట్లో ఆగకుండా కీచురాయిని తిన్నగా లోపలికి లాక్కుపోయాయి. ఒక్క టెస్ట్ కేసు చూసి ప్రోగ్రామంతా తెలిసిందనుకోకూడదని మా కుర్ర ఇంజనీర్లకు ఈ కథే చెబుతుంటాను.

బేస్‌బాల్ మైదానాల గట్టి ఇసుకలో కలుగు చేసే ఇంకో చిన్న కందిరీగ, సెర్సెరిస్, ఒంటారియోకు ఏకంగా గూఢచారిగా పనిచేసింది. యాష్ చెట్లను తొలిచి చంపే పచ్చటి పెంకుపురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, ఆసియా నుంచి వచ్చి 2002లో విండ్సర్‌లోనూ, 2006లో మన లండన్‌లోనూ బయటపడింది. చెట్టు ఎండిపోయేదాకా మనిషి కంటికి ఆ పురుగు ఆనదు. ఈ కందిరీగ ఆ వంశపు పెంకుపురుగులనే వేటాడుతుంది. అందుకని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళూ ప్రభుత్వ తనిఖీ సంస్థవాళ్ళూ మైదానాల్లో కూర్చుని, అది మోసుకొస్తున్న సరుకేమిటో చూసి, ఆ చుట్టుపక్కల తెగులు ఉందో లేదో తేల్చేవారు. 2013 నుంచి, ఆ బోరర్ పిల్లలనే తిని బతికే అతిచిన్న కందిరీగలను కెనడా అటవీశాఖ అడవుల్లో వదులుతోంది. మన వీధుల్లో యాష్ చెట్లు ఎన్ని కొట్టేశారో చూసినవాళ్ళకు ఈ పని విలువ తెలుస్తుంది.

టమాటా మీద అన్నం మెతుకులు

పెరట్లో టమాటా ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే, వేలంత లావు పచ్చటి హార్న్‌వార్మ్ ఉందని అర్థం. ఒక్కోసారి దాని వీపు మీద తెల్లగా అన్నం మెతుకులు అంటించినట్టు కనిపిస్తుంది. వాటిని గుడ్లనుకుని భయపడి నలిపేస్తారు చాలామంది. అవి కొటీసియా అనే చీమకంటే చిన్న కందిరీగ పిల్లల పట్టుగూళ్ళు. పురుగు లోపల పెరిగి, బయటికొచ్చి గూడు అల్లుకున్నాయి. ఆ పురుగు ఇక మీ టమాటా తినదు. దాన్నలా వదిలేస్తే, వారంలో డజన్లకొద్దీ కొత్త కాపలాదారులు ఎగురుతాయి.

మనకిది కొత్త విద్య కాదు. కోనసీమలో కొబ్బరి ఆకులు తినే నల్లతల గొంగళి పురుగు మీదికి ఇలాంటి కందిరీగలనే పెంచి వదులుతారు. అంబాజీపేట పరిశోధనా కేంద్రం ఆ పనికి పేరుపడింది. చెరకు రైతులు వాడే ట్రైకోగ్రామా కార్డుల మీద అంటించి ఉండేవీ ఇలాంటివే. పురుగు గుడ్డులోనే తమ గుడ్డు పెట్టేటంత చిన్న కందిరీగలు.

పిల్లలకు మాంసం పెట్టే ఈ తల్లులు తాము మాత్రం పూలతేనెతోనే బతుకుతాయి. నాలుక పొట్టి కనుక లోతైన పూలు వాటికి అందవు. చిన్నచిన్న పూలు గొడుగులా పరిచిన కొత్తిమీర, సోంపు, సోయకూర, వాము వంటివి కావాలి. జూలై ఎండకు కొత్తిమీర పూతకొచ్చేస్తే విసుక్కుని పీకేస్తాం. అందులో నాలుగు మొక్కలు వదిలిపెట్టండి. ధనియాలకు ధనియాలు, టమాటాకు కాపలా. హోవర్‌ఫ్లైలూ వాటి మీదికే వస్తాయి. చాలా హోవర్‌ఫ్లైల పిల్లలు పేనుబంకను తింటాయి.

సొర పిందె ఎందుకు రాలింది?

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. సొర, బీర, గుమ్మడి పాదుల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపూవు వెనక చిన్న పిందె ముందే ఉంటుంది. మగపూవు పుప్పొడి దానికి చేరకపోతే ఆ పిందె పసుపుపచ్చబడి రాలిపోతుంది. అప్పుడు ఎరువు ఎంత వేసినా ప్రయోజనం లేదు.

చేర్చేది ఎవరన్నది పూవును బట్టి ఉంటుంది. సొరపూవు తెల్లగా, సాయంత్రం విచ్చుకుంటుంది. అది రాత్రి తిరిగే మాత్‌ల కోసం చేసుకున్న ఏర్పాటు. బీరపూవూ సాయంత్రమే విచ్చుతుంది. వీధి దీపాలూ, రాత్రంతా వెలిగే డెక్ లైట్లూ, పురుగుమందు కొట్టిన లాన్లూ ఉన్న పేటలో మాత్‌లు ఎన్ని వస్తాయి? రానప్పుడు సాయంత్రం భోజనాలయ్యాక మనమే మగపూవు కోసి, రేకులు వెనక్కి తీసి, ఆడపూవు మధ్యలో మెల్లగా అద్దాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా అమ్మాయిది.

గుమ్మడి, జుకీనీ పూలు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. వాటికోసమే పుట్టినట్టు స్క్వాష్ బీ ఉంది. గుమ్మడిజాతి పుప్పొడి తప్ప వేరేది పిల్లలకు పెట్టదు. మెక్సికో ప్రాంతంలో పుట్టిన ఈ బీ, అక్కడి ఆదివాసులు గుమ్మడి సాగును ఉత్తరానికి తెస్తుంటే, పంట వెనకే నడిచి ఒంటారియో దాకా వచ్చింది. విత్తనాలు మూటకట్టుకుని వచ్చిన మనలాంటి చుట్టమే. దాని మగవి ముడుచుకున్న పూలల్లోనే నిద్రపోతాయి. మధ్యాహ్నం వాడిన గుమ్మడిపూవును మెల్లగా తాకితే లోపల్నుంచి గుయ్యిమంటుంది; మగది కనుక కుట్టదు. ఆడది మాత్రం పాదు దగ్గరి నేలలోనే కలుగు తవ్వుతుంది. 2021లో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇమిడాక్లోప్రిడ్ అనే మందు వేసిన నేలలో ఈ బీలు 85 శాతం తక్కువ కలుగులు తవ్వాయని చూపించారు.

వంకాయ, టమాటా సంగతి వేరే. వాటి పుప్పొడి ఉప్పు సీసాలోలాగా చిన్న రంధ్రంలోంచి రాలాలి. బంబుల్ బీ పూవును పట్టుకుని, రెక్కలు కదపకుండా కండరాలు మాత్రం అదిలిస్తుంది. పుప్పొడి జల్లున రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. "తేనెటీగలు పెంచితే సరిపోతుంది కదా" అనేవారికి ఇదే జవాబు. పైగా తేనెటీగ ఈ నేలది కాదు, యూరపువాళ్ళు ఓడల్లో తెచ్చుకున్నది. కెనడాకు సొంత బీ జాతులు 800కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నేలలోనో, ఎండుకాడల్లోనో ఒంటరిగా బతుకుతాయి.

మేడిపండులోని నిజం

పూలకూ కందిరీగకూ ఉన్న స్నేహానికి పరాకాష్ఠ చూడాలంటే మన ఊరి మేడిచెట్టు దగ్గరికే వెళ్ళాలి. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని వేమన చెప్పిన పద్యం రాని తెలుగువాడు లేడు. ఆ పురుగులెవరో అడిగినవాళ్ళు తక్కువ. మేడికాయ నిజానికి కాయ కాదు, లోపలివైపుకి పూసిన వందల చిన్నపూల గుత్తి. అందుకే ఆ చెట్టుకు పూలు కనబడవు. ఆవగింజంత ఆడ కందిరీగ సన్నటి ద్వారంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి, తిరిగి వెళ్ళే దారి లేదు. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచి ప్రాణాలు విడుస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ దారిన ఎగిరి ఇంకో మేడికాయ వెతుక్కుంటాయి. ఈ పురుగు లేకపోతే మేడిగింజ లేదు, గింజ లేకపోతే మేడిచెట్టు లేదు. మర్రికీ, రావికీ కూడా ఇలాంటి కందిరీగలున్నాయి. వేమన మనుషుల గురించి చెప్పినమాట తిరుగులేనిదే. పాపం, పురుగు మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు.

ఉన్నవీ, పోయినవీ

మన ఊరినుంచి గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం చేస్తే, హ్యూరాన్ సరస్సు ఒడ్డున పైనరీ పార్కు వస్తుంది. మనవాళ్ళు వేసవిలో పులిహోర డబ్బాలతో వెళ్ళే చోటే. నడుము మీద తుప్పురంగు మచ్చ ఉండే రస్టీ ప్యాచ్డ్ బంబుల్ బీ కెనడాలో చివరిసారి కనబడింది అక్కడే, 2009లో. షీలా కొల్లా అనే పరిశోధకురాలు దాన్ని చూశారు. 1970, 80లలో దక్షిణ ఒంటారియోలో అది మామూలుగా కనబడే బంబుల్ బీ. 2012లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ఫెడరల్ చట్టంలో చేర్చారు. పెంపుడు బంబుల్ బీల నుంచి సోకిన జబ్బులు, పురుగుమందులు, పూలచోట్లు తగ్గిపోవడం, మారుతున్న వాతావరణం: ఇవీ అనుమానితులు. ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టలేకపోవడమే ఈ కేసులో కష్టం.

ప్రభుత్వం చెయ్యవలసింది కొంత చేసింది. అందం కోసం లాన్ల మీద మందులు చల్లడాన్ని ఒంటారియో 2009 ఏప్రిల్‌లో నిషేధించింది. మొక్కజొన్న, సోయా విత్తనాలకు పట్టించే నియోనికోటినాయిడ్ మందుల మీద 2015 జూలైలో ఆంక్షలు పెట్టింది. కుట్టే పురుగుల మీద స్ప్రేకు మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. అంటే ఆ డబ్బా నొక్కాలా వద్దా అన్నది మన విచక్షణకే వదిలేశారు.

నొక్కవలసిన సందర్భాలున్నాయి, లేవనడం లేదు. వీధి తలుపు పక్కనో, పిల్లలాడే చోటనో ఎల్లోజాకెట్ తుట్టె ఉంటే, ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే, లైసెన్సున్నవాళ్ళను పిలిపించండి. గోడలోకి దారి చేసుకున్నవాటిని బయటినుంచి మూసేయకండి, లోపలి గోడ తొలుచుకుని ఇంట్లోకి వస్తాయి. నేలలో కలుగు ఉన్నచోట లాన్‌మూవర్ నడపకండి, ఆ అదురుకే అవి లేస్తాయి. కుట్టినచోట సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. మన ఊళ్ళో సున్నం రాసేవాళ్ళం, అది కాదు ముఖ్యం. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఎపిపెన్ ఉంటే వెంటనే వాడి, 911కు ఫోన్ చెయ్యండి. నిమిషం కూడా ఆగవద్దు.

మిగతాచోట్ల కాస్త ఓర్పు చాలు. పిక్నిక్కులో తీపి పదార్థాల మీద మూతలు ఉంచండి. కోక్ డబ్బాలోంచి కాకుండా, లోపల ఏముందో కనబడే గ్లాసులో తాగమనండి. చెత్తబుట్ట బల్లకు దూరంగా పెట్టండి. ముఖం మీదికి వస్తే చేతులు విసరకుండా నెమ్మదిగా పక్కకు జరగమని పిల్లలకు నేర్పండి. 2020లో 'మర్డర్ హార్నెట్' వార్తలు వచ్చినప్పుడు, ఇక్కడ పెద్దగా ఉండే సికాడా కిల్లర్ అనే సాధువును చూసి చాలామంది హడలిపోయారు. ఆ ఆసియా కందిరీగ ఒంటారియోలో ఎన్నడూ స్థిరపడలేదు. పశ్చిమతీరాన కనబడినదాన్ని కూడా, తమ దేశంలో నిర్మూలించామని అమెరికా 2024 డిసెంబరులో ప్రకటించింది.

చివరిగా బతుకమ్మ సంగతి. సెప్టెంబరు, అక్టోబరులలో తంగేడు ఇక్కడ దొరక్క, మనవాళ్ళు దారిపక్క పసుపుపచ్చగా పూసిన గోల్డెన్‌రాడ్, ఊదారంగు ఆస్టర్ పూలు కోసుకొస్తారు. గోల్డెన్‌రాడ్ వల్ల తుమ్ములొస్తాయని చెడ్డపేరుందిగానీ, ఆ పని అదే సమయంలో పూసే రాగ్‌వీడ్‌ది. దాని పుప్పొడి గాలిలో తేలుతుంది, గోల్డెన్‌రాడ్‌ది బరువు కనుక కీటకాలే మొయ్యాలి. చలి ముందు బంబుల్ బీ రాణులకూ, కందిరీగలకూ, హోవర్‌ఫ్లైలకూ ఆ పూలే ఆఖరి విందు. ఆ విందు తిన్న రాణే ఆరునెలలు ఉపవాసముండి, వచ్చే వసంతంలో మన పూల మీద వాలుతుంది. కనుక ఒకేచోట మొత్తం కోసెయ్యకుండా, గుత్తికొకటి కోసుకుని మిగిలింది వదిలేద్దాం. వీలుంటే పెరటి మూల రెండు గోల్డెన్‌రాడ్ మొక్కలు మనమే వేసుకుంటే, బతుకమ్మకూ పూలుంటాయి, చుట్టాలకూ భోజనం ఉంటుంది. ఎండు కాడలను కూడా శరదృతువులో నరికెయ్యకుండా వసంతం దాకా ఉంచితే, వాటిలో నిద్రపోతున్నవాళ్ళు మేలుకుంటారు. పూల పండగ చేసుకునే మనకు, పూల వెనకున్న వాళ్ళను పోషించడం పెద్ద కష్టమేమీ కాదు.